పెదనాయన పట్టరై వరస

మా పెదనాయన పోయాడన్న కబురు బెంగళూరులో, ఆఫీసు క్యాంటీన్లో చేయి కడుక్కుంటుంటే వచ్చింది. ఫోన్లో నాయన, “అన్న పోయినాడు, బయల్దేరి రా” అన్నాడు. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ ఫోన్లో మాట్లాడరు. రాత్రికి కోయంబత్తూరు చేరాను. మర్నాడు పొద్దున దహనం. మగవాళ్ళు తిరిగొచ్చి, అందరి స్నానాలూ అయ్యాక బంధువులు హాల్లో జంపఖానా పరుచుకుని కూర్చున్నారు. నేను ఇంటి వెనక రేకుల షెడ్డులోకి పోయి ఆయన ఉలులు ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాను.

అది ఆడి నెల, ఆషాఢ శ్రావణాల మధ్య వచ్చే అరవ నెల. ఆ నెలలో మా వైపు గాలి తుంపరని అడ్డంగా మోసుకొస్తుంది. పెదనాయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ షెడ్డు కిటికీ తెరిచే ఉంది. తడి తగిలిన ఉక్కు ఒక్క పూటలో మచ్చపడుతుంది. తుడిచే మనిషి లేడు కాబట్టి తుడిచాను.

ఇంట్లోవాళ్ళు దాన్ని ఇంకోలా చదివారు. మా అత్త గొంతు షెడ్డు దాకా వినిపించింది. “చావింట్లో ఇనప సామాను తుడస్తా ఉండాది చూడు. కంట్లో ఒక చుక్క లేదు.” దానికి నాయన జవాబు: “అది అంతే. దేంట్లోనూ నిలవదు. ఏడ్చేదాంట్లో కూడా నిలవదు.” చదువు అయ్యాక మూడు ఉద్యోగాలు మారిన పిల్లని నేను. పెళ్ళి చూపుల మధ్యలో లేచి వచ్చిన పిల్లని కూడా. నా గురించి మా ఇంట్లో ఒక మాట ఎప్పుడో ఖాయమైపోయింది. ఇక నేనేం చేసినా ఆ మాట కిందే జమ.

అదే సాయంత్రం ఇంకో సంగతి తెలిసింది. కర్మాంతరం అయ్యాక షెడ్డు ఖాళీ చేసి మోటారు వైండింగ్ చేసే ఒకాయనకి అద్దెకి ఇస్తారట. సామాను పాత ఇనప కొట్టుకి. పెదనాయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. మీరూ తెలుసుకుని చదవడం మంచిది.

ఆయన కోయంబత్తూరు పక్క తుడియలూరులో పంపులు పోసే ఒక ఫౌండ్రీలో ప్యాటర్న్ మేస్త్రి. పంపు ఇనుముతో పోయకముందు అదే ఆకారం చెక్కలో చేయాలి. ఆ చెక్క బొమ్మని ఇసకలో అదిమి, తీసేసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క బొమ్మే ప్యాటర్న్, అది చేసేది ఆయన పని. ఊళ్ళో భూమి చూసుకొమ్మని మా తాత ఎంత చెప్పినా వినకుండా ఆ పనిలో చేరాడని ఇంట్లో చెప్పుకునేవారు. రిటైరయ్యాక తన పనిముట్లన్నీ ఇంటి వెనక షెడ్డులో పెట్టుకున్నాడు. దాన్ని అరవంలో అన్నట్టే పట్టరై అనేవాళ్ళం.

పట్టరైలోకి అడుగు పెట్టినవాళ్ళు మొదట అనుకునేది, ఇదేం సర్దుడు అని. ఉలులు చిన్న నుంచి పెద్దకి వరసగా ఉండవు. రంపం పక్కన మూలమట్టం, దాని పక్కన పెన్సిలు, ఆ పక్కన ఒక సన్న ఉలి, తరవాత చిత్రిక. ఆ వరస పనిది. మొదట కావలసినది తలుపు వైపు, చివర కావలసినది కిటికీ వైపు. పని చేస్తూ ఆయన గోడ వెంట మెల్లగా జరిగేవాడు. సాయంత్రం కిటికీ దగ్గర ఉన్నాడంటే ఏదో ఒకటి పూర్తయిందని దూరం నుంచే తెలిసేది.

ఒక్క స్కేలు మాత్రం ఎదురు గోడకి, ఒంటరిగా, ఎర్ర టేపు చుట్టుకుని ఉండేది. కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. అందుకని చెక్క బొమ్మని కొంచెం పెద్దదిగా చేయాలి. ప్రతిసారీ లెక్క వేయకుండా ప్యాటర్న్ మేస్త్రులకి వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు మామూలు అడుగు కన్నా ఒక నూలు ఎక్కువ, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చూడటానికి రెండూ ఒకటే.

ఒక ఆయుధ పూజకి నాయన, అన్నని సంతోషపెడదామని, ఆయన ఊళ్ళో లేనప్పుడు పట్టరై అంతా కడిగి సర్దాడు. ఉలులు చిన్న నుంచి పెద్దకి. స్కేళ్ళన్నీ ఒక మేకుకి. ఎర్ర టేపు మురికిగా ఉందని గోకేశాడు. ఉక్కు మీద గంధం, కుంకుమ బొట్లు. పెదనాయన వచ్చి చూశాడు. గుడ్డ తీసి ఉక్కు మీది బొట్లు తుడిచి, పిడుల మీద మళ్ళీ పెట్టాడు. “సామికి పిడి చాలు. ఉక్కుకి తడి పెడితే సామి కూడా కాపాడలేడు” అన్నాడు.

పూజ అయిన వారానికి మా అత్త వాళ్ళ పూజ బీరువాకి పెదనాయన తలుపు చేశాడు. తీసుకెళ్ళి పెడితే కొంచెం పెద్దదై చట్రంలో పట్టలేదు. నాయన అందరి ముందూ నవ్వాడు. “ఏమన్నా, ఇన్నేండ్లు మేస్త్రివి. కొలత తప్పితివే.”

“కొలత తప్పలేదురా. స్కేలు చోటు తప్పినాది.”

“నీకు కండ్లు లేవా? చూసి తీసుకోని ఉంటే?”

“పని చేసేటప్పుడు చెయ్యి చదవదు. చోటు చూసి తీసుకుంటాది, అంతే.” తలుపుని మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి చిత్రిక పడుతూ ఇంకో మాట కూడా అన్నాడు. “నువ్వు చూసేదానికి సర్దినావు తమ్ముడూ. చేసేదానికి సర్దేది వేరే.”

ఆ మాట నేను ఆఫీసుల్లో చాలాసార్లు తలుచుకున్నాను. చూసేదానికి సర్దిన బల్లలే అక్కడ ఎక్కువ.

సొరుగుల సంగతి చెప్పాలి. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది అరవం, బిల్లులు ఇంగ్లీషు. పెదనాయనకి తెలుగు రాయడం రాదు. నేను కాలేజీ రోజుల్లో పట్టుబట్టి నేర్చుకున్నాను. మురిసిపోతూ, సొరుగులన్నిటికీ తెలుగులో పేర్లు రాసి అంటిస్తానన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, ఏ సొరుగులో ఏముందో అది ఒకటి తీసి ముందు పలకకి బిగించాడు. స్క్రూల సొరుగుకి స్క్రూ, బందుల సొరుగుకి బందు. “కరెంటు పోయినా తడిమి చూసుకోవచ్చు అమ్మిణీ. నీ తెలుగుని కాగితం మీద పెట్టుకో” అన్నాడు. కోపం వచ్చింది నాకు. రెండు రోజులు ఆ వైపు పోలేదు.

అరువు ఇచ్చే పద్ధతి ఇంకా విచిత్రం. ఎవరైనా సుత్తో ఉలో అడిగితే ఒక కాలి చెప్పు వదిలిపోవాలి. ఖాళీ మేకు కింద, నేల మీద ఆ చెప్పు ఉంటుంది. పక్కింటాయన ఒకసారి ఒంటి చెప్పుతో వీధిలో నడుస్తుంటే వీధంతా చూసింది. పెద్దమ్మ తలకొట్టుకుంది. “పూజ చేసే గోడ కింద ఊరి చెప్పులా?” ఆయన నిదానంగా, “నా ఉలి వాళ్ళింట్లో ఉన్నంత సేపు వాళ్ళ చెప్పు ఈడ ఉండనీ. ఉలికి ఇల్లు గుర్తుంటాది” అన్నాడు. ఆ గోడ మీంచి పోయిన సామాను ఒక్కటి లేదు. స్నేహాలు కొన్ని పోయాయి. దానికి ఆయన బాధపడినట్టు నేను చూడలేదు.

అవినాశి నుంచి బనియన్ వేస్టు, అంటే కంపెనీల్లో మిగిలిన గుడ్డ ముక్కల మూట తెప్పించేవాడు. తెల్ల ముక్కలు పాలిషుకి, రంగు ముక్కలు నూనెకి. నూనె గుడ్డలు ఎప్పుడూ కుప్పగా వేయనిచ్చేవాడు కాదు. కుప్పలో వేడి పుట్టి అంటుకుంటాయని బయట తీగ మీద విడివిడిగా ఆరేసేవాడు. జాన కన్నా పొట్టి చెక్క పొయ్యికి. దాన్ని దాచుకోవాలని ఎంత ఆశగా ఉన్నా పొయ్యికే. రోజూ వాడని ఉలుల డబ్బాలో కర్పూరం బిళ్ళలు, తుప్పు పట్టకుండా. ఇప్పటికీ ఏ గుడిలో హారతి వాసన వచ్చినా నాకు ముందు ఉలులే గుర్తొస్తాయి. చివర ఊడ్చడం. “ఇది ఈ దినం పని కాదు, రేపటి పనిలో మొదటిది” అంటూ ఊడ్చేవాడు.

ఇంటి నుంచి ఉద్యోగం చేసిన రోజుల్లో నా బల్ల పట్టరైలోకి మార్చుకున్నాను. మీటింగుల మధ్య ఆయన దగ్గర చిత్రిక పట్టడం, అంచులు గుండ్రం చేయడం, విరిగిన ప్యాటర్నుకి ముక్క అతకడం నేర్చుకున్నాను. ఆ ఉద్యోగం కూడా మానేస్తున్నానని ఒక రోజు చెప్పాను. ఇంట్లో అందరూ అన్నదే ఈయనా అంటాడని కాచుకుని ఉన్నాను.

“నాకు నిలకడ లేదంటున్నారు పెదనాయనా.”

“ఎవురు?”

“అందరూ.”

చేతిలోని ఆకురాయి దాని మేకుకి తగిలించి వచ్చాక మాట్లాడాడు. “చోటు లేని సామానే తిరగతా ఉంటాది. దాంట్లో సామాను తప్పేముండాది?” తరవాత టీ అడిగాడు. అంతకన్నా ఓదార్పు ఆయన దగ్గర దొరికేది కాదు.

కర్మాంతరం అయిన మర్నాడు పెద్దమ్మ వంటింట్లో మెంతులు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను.

“పెద్దమ్మా, షెడ్డు అద్దెకి ఇచ్చేది నీకు ఇష్టమేనా?”

“మీ నాయన అడిగె, సరి అంటిని. ఇష్టమా అని ఎవురూ అడగలేదు.”

“నేను అడగతా ఉండాను.”

చేట పక్కన పెట్టింది. “ఆడ ఒక్కొక్క ఉలికీ ఒక మేకు ఉండాది. నా గరిటెలకి ఒక పలక కొట్టియ్యి అంటే ఆయన ఎన్నేండ్లు రేపు, రేపు అనినాడో తెలుసునా నీకు? చూడు, ఇంకా తపేలాలోనే నిలబడి ఉండాయి. పోయినాడని ఆయన్ని దేవుణ్ణి చేయొద్దండి.”

“అయితే సామాను ఎత్తేయమంటావా?”

“నేను అట్ల అంటినా?” చేతికంటిన మెంతులు దులుపుకుంది. “పొద్దున నుంచి రాత్రి దాకా ఆ రంపం సత్తం విని విని నాకు తలనొప్పి. ఇప్పుడు సత్తం లేక తలనొప్పి. ఆడ పని జరిగేదైతే జరగనీ. ఫోటో తగిలించి, దీపం పెట్టి, పూజ గది మాదిరి చేసినావంటే నేనే రంపం ఎత్తుకోని వస్తాను. శని ఆదివారం వచ్చి తుడిచి పోయేది కూడా వద్దు. తుడిచేది పని కాదు.”

“వైండింగ్ ఆయనకి నాయన మాట ఇచ్చినాడే.”

“షెడ్డు ఎవురిది? మీ నాయనదా?” చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. “తేల్చుకోని చెప్పు. ఊరికే ఊగులాడతా ఉండొద్దు.”

ఆ మధ్యాహ్నం తుడియలూరు పోయాను. అక్కడ ఒక చిన్న ఫౌండ్రీలో ఇంకా చెక్క ప్యాటర్నులే వాడుతున్నారు. అంచులు అరిగినవి గోడవార పేర్చి ఉన్నాయి, బాగుచేసే మనిషి లేక. బాగుచేసి ఇస్తానని రెండు అడిగి తెచ్చుకున్నాను. ఒకటి నత్త గుల్లలా చుట్టుకున్న పంపు బొమ్మ. ఏళ్ళ తరబడి ఇసకలో దిగి లేచి దాని ఎర్ర రంగు సగం పోయింది, లోపలి టేకు బయటపడింది. షెడ్డులో బల్ల మీద పెడితే కిటికీ వెలుతురు దాని వంపులో నిలిచింది. ఆడి గాలికి పైన రేకులు కొట్టుకుంటున్నాయి. కిటికీ మూసి, లైటు వేశాను.

బెంగళూరు ఉద్యోగానికి రాజీనామా పంపాను. పెద్దమ్మకి చెప్పి, వైండింగ్ ఆయనకి షెడ్డు ఇవ్వడం లేదని నేనే ఫోన్ చేసి చెప్పాను. నాయన నాతో మాట్లాడటం లేదు. సోమవారం నుంచి పట్టరైలో పని చేస్తాను.