బాపు కాలికి నల్లేరు తొక్కు

పోలీస్ యాక్షన్ అయినంక వచ్చిన పెత్రమాసకు, బతుకమ్మ మొదలయ్యే అమాసకు, ముందటి మంగళవారం, పొద్దు బారెడెక్కిన యాళ్లకు మిలట్రీ మా ఇంటికొచ్చింది. మాది ఇబ్రహీంపట్నం పక్కపొంటి ఊరు. రజాకార్ల పీడ పోయిందని కొన్ని దినాల ముందే గదే మిలట్రీకి ఊరోళ్లు బొట్లు పెట్టిండ్రు. ఇప్పుడు ఎర్రజెండా సంఘపోళ్లు ఏడ దాగిండ్రని ఇండ్లు ఎతుకుతుండ్రు. మనోళ్లా, పగోళ్లా? నాకప్పుడు సమజ్ కాలే. మనుమలు పుట్టినంక అక్షరాలు నేర్చుకున్న, అయినా పూర్తిగ సమజయిందని చెప్పను.

ఆ పొద్దు అమ్మ నల్లేరు తొక్కు నూరింది. నల్లేరు కంచెల మీద, బండల మీద పాకే తీగ. నాలుగు పలకల కాడ, వాన లేకున్నా బతుకుతది. లేత కణుపులే తుంచాలె. చేతులకు నూనె రాసుకోకుంటే దురద చంపుతది. ఈనెలు తీసి, నూనెల వేంచి, చింతపండు, మిరపకాయలు, వెల్లుల్లి వేసి నూరితే జొన్నరొట్టెకు అంతకు మించింది లేదు. పచ్చిది దంచి కడితే విరిగిన బొక్క అతుకుతదని కూడ మా దిక్కు నమ్మకం.

ఇంట్ల ఉన్నది నలుగురం. తొక్కేమో రోలు నిండ. ఎవరికని నేనడగలే, అడిగితే చెంప పగిలేది. బాపు తెల్లారగట్ల ఏడికెల్లో వచ్చి మంచంల పడ్డడు. పిక్కల నిండ ముండ్ల గీతలు.

సిపాయిల మాట మాకు రాదు. వెంట వచ్చిన మస్కూరి, పటేలు కింద పనిచేసే ఊరి నౌకరు, తిప్పి చెప్పిండు. "పొద్దెక్కినా గీయన పండుకున్నడేందని అడుగుతుండ్రు. గింత తొక్కు ఎవలికని అడుగుతుండ్రు."

జవాబు కుదరకుంటే బాపును లారీ ఎక్కిస్తరు. ఎక్కినోళ్లు అప్పటికి ఎవలూ తిరిగి రాలే.

నాయినమ్మ లేచింది. "తొక్కెక్కడిది? మందు. నా కొడుకు కాలు ఇరిగింది."

"మందుల మిరపకాయలెందుకే, పెద్దమ్మా?" అన్నడు మస్కూరి మెల్లగ.

"నీ కాలు ఇరిగిననాడు నీకు మిరపకాయలు లేకుంట కడ్త తియ్."

అనుకుంటనే రోట్లకెల్లి దోసెడు తీసి బాపు పిక్కకు మెత్తి, చీరపేలికతోని బిగించింది. ముండ్ల గీతల మీద కారం! బాపు ఇల్లు ఎగిరిపోయేటట్టు ఒర్లిండు. "అది తొక్కే గద" అని నేననబోతే అమ్మ తొడపాశం పెట్టింది.

మస్కూరి వాళ్లకేం చెప్పిండో దేవునికెరుక, చాలాసేపు చెప్పిండు. సిపాయిలల్ల పెద్దాయన వంగి, కట్టు మీద వేలు పెట్టి వాసన చూసిండు. నాకిండో, నాకినట్టు నాకనిపించిందో. నవ్విండో, మూతి తిప్పిండో. పోదాం పాండ్రన్నట్టు చెయ్యి ఊపిండు.

వాళ్లు గల్మ దాటినంక బాపు, "సంపితివి గదనే అవ్వా" అన్నడు.

"బతికిచ్చిన. నోరు మూసుకొని పండు."

మాపటికి రోలు ఖాళీ. ఎవలు తిన్నరో బాపు సచ్చేదాక చెప్పలే.

ఆ దినం ఆడ ఉన్నోళ్లు: మంచంల బాపు, కాళ్లకాడ నాయినమ్మ, రోలుకాడ అమ్మ, అమ్మ కొంగు పట్టుకొని నేను, ముగ్గురు సిపాయిలు, మస్కూరి. దడికి అవతల పక్కింటి చిన్నమ్మ, మా బాపు కాలు నిజంగనే ఇరిగిందనుకొని ఏడ్చుకుంట.