డబ్బాలో లేని పరీక్ష

2022లో, చాలా ఏళ్ళ తర్వాత, మా చెరువు నిండింది. కర్ణాటకలో పావగడ తాలూకా, నిడుగల్లు హోబళి అనే ఊళ్ళ గుంపులో మా ఊరు; ఇంట్లో తెలుగు, కాగితాల మీద కన్నడ. అప్పటికి ఏడాదిగా నేను పంచాయతీ తరఫున తాగునీళ్ళు పరీక్షించే పని చేస్తున్నాను. దానికి ఫీల్డ్ టెస్ట్ కిట్ అని ఒక డబ్బా ఇస్తారు. గాజు గొట్టంలో నీళ్ళు పోసి, మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును చార్టుతో పోల్చి రిజిస్టర్‌లో రాయాలి. నలభై దాటాక మహిళా సంఘం తరగతుల్లో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. రాసిన ప్రతి గడినీ రెండుసార్లు చదువుకునేదాన్ని.

మా దిక్కున నీళ్ళ గురించి అందరూ అడిగేది ఒకటే, ఫ్లోరైడ్ ఎంత అని. లోతు బోర్ల నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, మోకాళ్ళు వంగనివాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు. అందుకే చెరువు కట్ట కింది పాత బావిలో నీళ్ళు ఊరగానే పంచాయతీవాళ్ళు మోటారు పెట్టి మినీ ట్యాంకుకు ఎక్కించారు. పరీక్షిస్తే ఫ్లోరైడ్ చాలా తక్కువ. ఊరంతా సంతోషించింది.

తర్వాత ఒక పెద్ద వాన పడింది. ఆ వారం పరీక్షలో నీళ్ళు కొంచెం వాసన వేశాయి. మోటారు వాసన అనుకున్నాను. గళ్ళన్నీ సరిగ్గా వచ్చాయి. "తాగవచ్చు" అని రాసి సంతకం పెట్టాను.

నాలుగు రోజులకు గొర్రెలు మేపే నరసక్క ట్యాంకు దగ్గర ఎదురైంది.

"ఏమ్మే రత్నమ్మా, నువ్వు బాగుండాయనే నీళ్ళను నా గొర్రెలు మూతి పెట్టి సూడల్యా. వాటికీ నీ డబ్బా సూపిద్దువు రా."

"గొర్రెలకేం తెలుసక్కా. ఫ్లోరైడ్ లేదు. రంగు ఎట్లుండాదో సూడు."

"మేం తాగేది రంగునా, నీళ్ళనా? మా కోడలు గంగమ్మ తలనొప్పని లేస్తాది, తాగిన నీళ్ళు కక్కుతాది."

"వేవిళ్ళేమో."

"ఆరో నెలలో ఏం వేవిళ్ళే?"

వెంటనే వాళ్ళింటికి వెళ్ళి బిందెలోని నీళ్ళు సీసాలో పట్టి, మూత పెట్టి ఊపి తీశాను. డీజిల్ వాసన ముక్కుకు కొట్టింది.

గంగమ్మకు ఆ నీళ్ళు తాగొద్దని చెప్పి చెరువు వెంట నడిచాను. పైగట్టున, సోలార్ పార్కు వైపు పోయే రోడ్డు పనివాళ్ళ యార్డు ఉంది. డీజిల్ డ్రమ్ములు, తారు కాచే మిషను, నల్లగా నానిన నేల. వాన నీళ్ళు అక్కడి నుంచి కోసుకుంటూ చెరువులో దిగిన జాడ తెలుస్తూనే ఉంది. తూము దగ్గర నీళ్ళ మీద రంగురంగుల పొర తేలుతోంది.

ఇదేమిటని అడిగితే యార్డు సూపర్‌వైజర్ కుర్చీలోంచి లేవలేదు. "నీళ్ళు బాగుండాయని రాసింది మీరే కదా మేడమ్. మొన్న పంచాయతీలో సూసినా."

అది నిజమే. నేరుగా పంచాయతీకి వెళ్ళాను. పంచాయతీ అధికారిని మేము పీడీఓ అంటాం. సీసా ఆయన ముందు పెట్టి రిజిస్టర్ అడిగాను.

"వాసన నాకూ తెలుస్తాది. కానీ దీనికి కాలమ్ లేదే. యాడ రాస్తావమ్మా?"

"కింద ఖాళీ ఉండాది సార్."

అంతవరకు ఆ రిజిస్టర్‌లో నేను అంకెలు, ఒకటి రెండు మాటలు తప్ప రాయలేదు. ఆ రోజు కన్నడలో నాలుగు వాక్యాలు రాశాను. బావి నీళ్ళలో డీజిల్ వాసన ఉంది. డబ్బాలో దీనికి పరీక్ష లేదు. ఎవరూ తాగకూడదు. పోయిన వారం తాగవచ్చని రాసింది నా తప్పు. పీడీఓ చదివి, ఫోన్ చేసి మోటారు ఆపించారు. సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది.

సీసాల్లో పట్టి పంపిన నీళ్ళలో నూనె ఉందని తుమకూరు ల్యాబ్ నుంచి రాసి వచ్చాక యార్డును అక్కడి నుంచి తీయించారు. బావిని ఎన్నిసార్లు తోడినా వాసన పూర్తిగా పోలేదు. ఇప్పటికీ అది తాగే బావి కాదు. మళ్ళీ ఫ్లోరైడ్ బోరు నీళ్ళకే వచ్చాం, ఫిల్టర్ ప్లాంటు దగ్గర క్యాన్‌తో నిలబడుతున్నాం. నీళ్ళు మార్చిన వారానికి గంగమ్మ తలనొప్పి తగ్గింది. ఆ నీళ్ళ వల్లేనా అని అడిగితే డాక్టరమ్మ కచ్చితంగా చెప్పలేనన్నది. బిడ్డ బాగా పుట్టింది.

డబ్బా తనను అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగాల్సింది ఇంకేదైనా ఉందా అని చూడడం నా పని. ఇప్పుడు ముందు వాసన చూస్తాను, పశువులు తాగుతున్నాయా అని అడుగుతాను, ఆ తర్వాతే గొట్టం తీస్తాను. తెలిసింది పేజీ కింద ఖాళీలో రాస్తాను.

నరసక్క మాత్రం ట్యాంకు దగ్గర నన్ను చూసినప్పుడల్లా అడుగుతుంది: "ముక్కు తెచ్చుకున్నావా, డబ్బా ఒకటే తెచ్చినావా?"