డ్రుసిల్లా దొరసాని భోజనాల వరస

పెన్నీమూర్ ఎర్ల్‌గారి వంశానికి ఆ బిరుదు యుద్ధాలు గెలిస్తే రాలేదు. ఎప్పుడో ఒక రాజుగారు ఓడలో వాంతులు చేసుకుంటుంటే వీళ్ల ముత్తాత ఆయన తల పట్టుకున్నాడు. ఒడ్డు చేరగానే రాజుగారు ఆయన్ని ఎర్ల్‌ని చేసేశారు. అంతే సంగతి. కానీ ఆనాటి నుంచి ష్రాప్‌షైర్ జిల్లాలో ఎవరింట విందు జరిగినా, భోజనాల గదిలోకి ఎవరి ముందు ఎవరు నడవాలన్న దానిమీద ఆ కుటుంబం పట్టే పట్టు చూస్తే, ఇప్పుడు తల పట్టుకోవలసింది మనమే.

ఆ ఇంట్లో గడియారాలకు కూడా హోదాలున్నాయి. మొత్తం నలభై మూడు. ముత్తాతగారి గడియారం గంట కొట్టనిదే తాతగారిది కొట్టకూడదు. తాతగారిది కొట్టనిదే మిగతావి నోరెత్తకూడదు. అన్నిటికంటే చివర వంటింటిది. పన్నెండు కొట్టడం మొదలుపెడితే పూర్తయ్యేసరికి పావుగంట దాటేది. ఈ భాగోతమంతా నడిపేవాడు ఏమస్ పికర్స్‌గిల్. ప్రతి గురువారం వచ్చి అన్నిటికీ కీ ఇచ్చి వెళ్లేవాడు.

డ్రుసిల్లా ఎర్ల్‌గారి ఒక్కగానొక్క కూతురు, తల్లి లేని పిల్ల. ఇరవై తొమ్మిదేళ్లు. గురువారం వచ్చిందంటే చాలు, ఏమస్ ఏ గదిలో నిచ్చెన వేస్తే ఆ గదిలోనే ఆమెకు ఏదో ఒక పని పడేది.

"వీటిలో ఒక్కటైనా సరైన టైము చూపిస్తుందా ఏమస్?" అని అడిగింది ఒకసారి.

"వంటింట్లోది చూపిస్తుందండీ దొరసానిగారూ. మిగతావన్నీ ముందుకు జరిపేశా. నాన్నగారితో అనకండేం."

ఆమె అనలేదు. ఆ రోజు నుంచి టైము తెలుసుకోవాలంటే వంటింట్లోకే వెళ్లేది. మనసు ఎవరిమీద పడిందో ఆమెకు అప్పటికే తెలుసు. దాన్ని నాన్నతో ఎలా చెప్పాలో మాత్రం తెలియలేదు.

అంతలో పక్క ఎస్టేటు టార్ల్ బారన్ ఆమెను చేసుకుంటానని కబురు పెట్టాడు. మంచివాడే. ఇల్లు కురవదు. పందుల గురించి తప్ప ఇంకో మాట మాట్లాడడు. ఎర్ల్‌గారు ఎగిరి గంతేశారు. డ్రుసిల్లాకు ప్రాణం ఉసూరుమంది.

ఆమెను కాపాడింది మేనత్త హెస్టర్. కాపాడాలని వచ్చింది కాదు, పోట్లాడాలని వచ్చింది.

"బుద్ధుందా అన్నయ్యా నీకు? పిల్లని బారన్‌కిచ్చి కిందికి తోస్తావా? నన్ను చూడు. నేనూ ఎర్ల్ కూతుర్నే. బారన్‌ని కట్టుకుని బారన్ పెళ్లాన్నయిపోయా. ముప్పై ఏళ్ల నుంచి అందరి వెనకా నడిచి చల్లారిన సూపు తాగుతున్నా."

"మరేం చెయ్యమంటావే? బారన్ కంటే పైవాళ్లు మన గుమ్మం తొక్కుతున్నారా?"

"ఏ బిరుదూ లేనివాడికియ్యి. అప్పుడు పిల్ల పుట్టిన హోదా పిల్లకే ఉంటుంది. మొగుడిది అంటుకోదు."

వినేవాళ్లకు వెర్రిగా ఉంటుంది గానీ, ఆ దేశంలో అదే పద్ధతి. కొంచెం గొప్పవాణ్ణి చేసుకుంటే కిందికి దిగుతుంది. ఎవడూ కానివాణ్ణి చేసుకుంటే ఉన్నచోటే ఉంటుంది.

"ఎవడూ కానివాణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చేదే?" అన్నారు ఎర్ల్‌గారు నీరసంగా.

ఏమస్ ఆ గదిలోనే నిచ్చెన మీదున్నాడు. డ్రుసిల్లా గుండె దిటవు చేసుకుంది.

"నాన్నా, ఏమస్‌కి ఏమీ లేదు."

"ఏమీ అంటే?"

"ఆ నిచ్చెన కూడా మనదే నాన్నా."

ఎర్ల్‌గారు నిచ్చెన దగ్గరికి నడిచారు. "ఏమోయ్, మీ వంశంలో బిరుదున్నవాడు ఎవడైనా ఉన్నాడా? నిజం చెప్పు."

"లేడండీ దొరగారూ. మా తాత గాడిదలకు నాడాలు కొట్టేవాడండీ."

"భేషుగ్గా ఉంది," అంది హెస్టర్ అత్త.

పెళ్లయింది. ఏమస్ ఆ ఇంటికే కాపురానికొచ్చాడు. హోదా చెక్కుచెదరలేదు, కానీ దాని ఫలితం ఏమిటో మొదటి విందులోనే డ్రుసిల్లాకు తెలిసొచ్చింది. ఆమె అందరికంటే ముందు, విందిచ్చిన దొరగారి చెయ్యి పట్టుకుని. ఏమస్ అందరికంటే చివర. బల్ల దగ్గర ఇద్దరి మధ్యా ఇరవై నాలుగు కుర్చీలు. సొంతింట్లో కూడా ఇదే వరస, మారుస్తానంటే ఎర్ల్‌గారు ఒప్పుకోరు. ఆ అన్యాయం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఇవాళ ఏం చూశావయ్యా?" అని ఇంటికొచ్చాక అడిగేది.

"మీ వీపండీ. జడముడిలో ఒక పిన్ను ఊడింది."

"ఇంకా అండీ ఏంటి?"

"అలవాటు పోవట్లేదండీ."

ఎప్పుడైనా ఇద్దరూ వంటింట్లో చేరి, ఆ ఒక్క గడియారం కిందా నిలబడి రొట్టే చీజూ తినేవారు. కలిసి తిన్న తిండంటే అదే.

ఒకసారి టార్ల్ బారన్ ఇంట్లో ఆమె తిరగబడింది. వరస కదిలే ముందు గబగబా వెనక్కి నడిచి ఏమస్ చెయ్యి పట్టుకుని నిలబడింది. వరస ఆగిపోయింది. ఆమె కదలనిదే ఎవరూ కదలకూడదు. చివరికి హెస్టర్ అత్తే తీర్పు చెప్పింది, డ్రుసిల్లా ఎక్కడుంటే అదే మొదలని. ఇరవై ఆరుగురూ వెనక్కి తిరిగారు. వరస వీధి గుమ్మంలోంచి బయటికెళ్లి, వానలో ఇల్లు చుట్టి, పందుల దొడ్డి పక్కనుంచి వంటింటి మీదుగా భోజనాల గదికి బయల్దేరింది. ఇంత చేస్తే, ఏమస్ ఏం చేశాడో తెలుసా? మర్యాద తెలిసిన మనిషి కదా. చెయ్యి విడిపించుకుని, తన చోటు అటువైపుందని, పరుగెత్తుకెళ్లి అవతలి చివర నిలబడ్డాడు.

ఆ రోజు డ్రుసిల్లా సూపు ముట్టలేదు. మళ్లీ ఎప్పుడూ తిరగబడనూ లేదు.

ముప్పై రెండేళ్లు అలాగే నడిచాక, ఒక గురువారం ఏమస్ నిచ్చెన దిగి కుర్చీలో కూర్చుని మరి లేవలేదు.

చర్చికి బయల్దేరే వేళకు హెస్టర్ అత్త చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. తొంభైకి దగ్గరపడినా గొంతు తగ్గలేదు.

"శవపేటిక ముందా? ఎర్ల్ కూతురికి గడియారాలవాడు ముందా? నువ్వు ముందు నడు, పెట్టె నీ వెనక వస్తుంది. మోసేవాళ్లకి చెప్పాను."

"అత్తా, ముప్పై రెండేళ్లు ఆయన నా వీపు చూస్తూ నడిచాడు," అంది డ్రుసిల్లా. "ఇవాళ ఆయన ముందు నడుస్తాడు. నువ్వు తప్పుకో."

అత్త చేతికర్ర దగ్గరికి లాక్కుని తప్పుకుంది. మోసేవాళ్లు కదిలారు. డ్రుసిల్లా పెట్టెకు ఒక్క అడుగు వెనక నడిచింది. దారి పొడుగునా ఆ అడుగు పెరగనివ్వలేదు.