డాక్టరుగారి మూడో చెక్క

గుడివాడలో వడ్రంగి దుకాణం ముందు నుంచి ఆటో వెళ్తుంటే, ఆ రంపపు పొట్టు వాసనకి ఇప్పటికీ నాకు బంటుమిల్లిలోని దానియేలు డాక్టరుగారి ఆసుపత్రే గుర్తొస్తుంది. అక్కడ మందుల వాసనతోపాటు చెక్కపొట్టు, గడియారాలకి వేసే నూనె, ఆయన గీసే కొంగల బొమ్మల రంగులు, అన్నీ కలిసి వచ్చేవి. జ్వరం చూస్తూనే "మీ చేలోకి ఈ ఏడు ఏం పిట్టలొచ్చాయమ్మా?" అని అడిగి నోటుబుక్కులో రాసుకునేవారు. క్రిస్మస్‌కి అమ్మ గులాబీ పువ్వులు వండి పంపితే, అవి వేసే ఇత్తడి అచ్చు ఎలా పోత పోస్తారో చూడాలని దాన్నీ తెప్పించుకున్నారు.

పోలియో వచ్చి నా ఎడమకాలు పొట్టిదైంది. మా ఊరి బడి ఏడో తరగతితో సరి. హైస్కూలుకి బంటుమిల్లి వెళ్ళాలంటే కాలవగట్టు మీద నాలుగు మైళ్ళు, బస్సు లేదు. కాలు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు నాన్న డాక్టరుగారితో, "ఇంక చదువు మాన్పిస్తున్నానండీ" అన్నాడు, నా మొహం చూడకుండా.

"కాలు పొట్టిదైతే పెడలు ఎత్తు చేద్దామండీ" అన్నారాయన.

కాలవలు కట్టేసిన ఎండాకాలం అది. ఆదివారం ఆరాధన కాగానే, తలకి తువ్వాలు చుట్టుకుని, పాత సైకిలొకటి తోసుకుంటూ మా ఇంటికొచ్చి, ఎడమ పెడలుకి చెక్క బిగించారు. పది గజాలు తొక్కానో లేదో, చెక్క జారి, గట్టు మీంచి కాలవ బురదలో పడ్డాను.

"నా పిల్లని చంపేస్తారా ఏంటండీ!" అని అమ్మ ఏడ్చింది.

ఆయన బురదలోకి దిగి నన్ను లేవనెత్తి, "పడింది నువ్వు కాదమ్మా, నా చెక్క" అన్నారు. మరుసటి ఆదివారం తెచ్చిన రెండోది పగిలింది. మూడోదానికి బోల్టులు వేసి, పాదం జారకుండా తోలుపట్టీ కుట్టుకొచ్చారు. ఆ రోజు వెనకాల నాన్న "ఆగవే, ఆగవే!" అని పరిగెడుతున్నా వినకుండా వంతెన దాకా తొక్కేశాను. జూన్‌లో హైస్కూల్లో చేరాను.

డాక్టరుగారు నిరుడు బందరులో పోయారు. ఆసుపత్రి ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసింది. ఆయన నోటుబుక్కు ఎక్కిన పిట్టలకి వాలడానికి చేలు లేవు, అన్నీ చేపల చెరువులే. ఆ హైస్కూల్లోనే నేనిప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌ని. ఆడపిల్లకి బడి దూరమవుతోందని టీసీ అడగడానికి ఏ తండ్రి వచ్చినా, కాగితం బయటికి తియ్యను. కుర్చీ చూపించి, "కూర్చోండి బాబూ, ముందు దారి సంగతి మాట్లాడదాం" అంటాను.