ధర్మయ్య బండికి రెండో గేర్‌బాక్స్

అమీర్‌పేటలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిన సందులున్నాయి. ధర్మయ్య అలాంటి సందులోకి కారు తోలుకుపోయి, అలాగే వెనక్కి వచ్చేవాడు. గోడ మీది బల్లి కూడా ఉలిక్కిపడేది కాదు. ఒకసారి మైత్రీవనం దగ్గర జామ్‌లో విసుగెత్తి, రెండు బస్సుల నడుమ నుంచి కారును పక్కకు వాల్చి తీసుకుపోయాడట. నమ్మకపోతే నష్టం మీదే. చెప్పినవాడు సాక్షాత్తూ ధర్మయ్యే.

పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. నేత అబ్బలేదు, స్టీరింగ్ అబ్బింది. వెనక సీటు పీకేసిన చిన్న కారులో అమీర్‌పేట టైలర్లు కుట్టిన పెళ్లి జాకెట్లు, లెహంగాలు వేసుకుని పంజాగుట్ట షోరూములకు చేర్చడం అతని పని. పురోహితుడు ఆలస్యమైన పెళ్లిళ్లున్నాయి గానీ ధర్మయ్య తెచ్చే జాకెట్ ఆలస్యమైన పెళ్లి లేదు.

అలాంటి మనిషిని పక్షవాతం పడగొట్టింది. లేచాక మాట తిరిగొచ్చింది, అదీ మునుపటికంటే ఎక్కువగానే. ఎడమకాలు మాత్రం తడిసిన గోనెసంచిలా వేలాడిపోయింది. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ కుడికాలు చాలు, క్లచ్ తొక్కాల్సింది ఎడమకాలే. ఎవరినైనా డ్రైవర్‌ను పెట్టుకుందామంది భార్య చంద్రావతి. ఆ మాట అన్న రోజు ధర్మయ్య అన్నం ముట్టలేదు. తన కారు ఇంకొకడి చేతుల్లో పోతుంటే పక్క సీట్లో మూటలా కూర్చోవాలా? పెళ్లిళ్ల సీజన్ ముంచుకొస్తోంది. టైలర్లు మొదట పలకరించడానికి ఫోన్ చేశారు, తర్వాత అదీ మానేశారు.

అప్పుడు దారి చూపినవాడు వీర్రాజు. తణుకు నుంచి వచ్చి పంజాగుట్ట వెనక సందులో షెడ్డు వేసుకున్న మెకానిక్. తుక్కు బజారులో దినేశ్ దగ్గర గుద్దుకుపోయిన ఆటోమేటిక్ కారు ఒకటి పడి ఉందట. అదే కంపెనీ, అదే ఇంజను, బండి మాత్రం వేరు. దాని గేర్‌బాక్స్ ఊడదీసి దీనికి బిగిస్తే క్లచ్ పీడ పోతుంది. రెండు రోజుల పనన్నాడు. పని అమావాస్య నుంచి అమావాస్యకు సాగింది. రాగి కోసం దినేశ్ మనుషులు వైర్లన్నీ కోసేశారు. గేర్లు మార్చే కంప్యూటర్ డబ్బా ఉంది గానీ దానికి నరాల్లేవు. వీర్రాజు ఒక్కో తీగనూ వెతికి అతికాడు. బాక్స్ పట్టక ఛాసిస్‌కు కొత్త పట్టీ వెల్డింగ్ చేశాడు. చక్రాలు తిప్పే షాఫ్టుల్లో ఒకటి ఈ బండిది, ఒకటి ఆ బండిది. మొదటిసారి స్టార్ట్ చేస్తే కారు ముందుకు పోవాలా వెనక్కి పోవాలా అని కాసేపు ఆలోచించుకుందని షెడ్డులో ఇప్పటికీ చెబుతారు.

మొత్తానికి నడిచింది. ధర్మయ్య చంద్రావతిని పక్కన ఎక్కించుకుని టైలర్లందరి ముందునుంచి ఊరేగాడు. మూటలు మళ్లీ వచ్చాయి, మోసి అందించడానికి చంద్రావతీ రోజూ వెంట వెళ్లేది. పదిరోజులు కాలేదు, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజను గొంతు చించుకుంది గానీ కారు కదల్లేదు. వెనకున్న బండ్లన్నీ హారన్లు మోగించాయి. ధర్మయ్య లీవర్‌ను ఎటు లాగినా అదే అరుపు.

ఇంతకీ జరిగిందేమిటంటే, పాతకాలం డ్రైవర్లందరికీ ఉన్న జబ్బే. పల్లం వస్తే ఇంజను ఆపేసి బండిని దొర్లించడం. పెట్రోలు మిగులుతుందని గురువులు నేర్పిన విద్య. పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగిన ప్రతిసారీ ధర్మయ్య చెయ్యి దానంతటదే తాళం తిప్పేసేది. మామూలు గేర్‌బాక్స్ దాన్ని ఓర్చుకుంటుంది. ఆటోమేటిక్‌లో నూనె పారాలంటే ఇంజను తిరగాలి. నూనె అందక, అసలే అరిగిన లోపలి ప్లేట్లు మాడిపోయాయి.

బజారు రివాజు ప్రకారం, తుక్కు సామాను బిగించి చూసుకోవడానికి కొన్నాళ్లు గడువుంటుంది. చెడిపోతే సామానుకు సామాను, వాడినవాడి తప్పయితే మాత్రం ఏమీ రాదు. దినేశ్ దగ్గర అలాంటి బాక్స్ ఇంకొక్కటే ఉంది. ధర్మయ్య, చంద్రావతి, వీర్రాజు మాడినదాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుపోయారు. దినేశ్ నూనెలో వేలు ముంచి వాసన చూశాడు.

“ఇంజన్ బంద్ పెట్టి దొర్లించినవా అన్నా?”

అబ్బే, వచ్చిందే చచ్చిన బాక్సని వీర్రాజు అందుకున్నాడు. ధర్మయ్య చూపు మూలనున్న రెండో బాక్స్ మీదే ఉంది.

“పెట్టిండు,” అంది చంద్రావతి. “దినాం పెట్టిండు. పక్కకు నేనే ఉన్న.”

గడువు సంగతి అక్కడితో తెగిపోయింది. ధర్మయ్యకు ఉన్న ఒక్క కాలూ పోయినట్టయింది. దినేశ్ కాళ్లు పట్టుకుందామన్నా వంగితే లేవలేడు. అందుకని చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొనడానికి చేతిలో డబ్బు లేదని, సీజన్ పోతే టైలర్లు మళ్లీ పిలవరని, డ్రైవింగ్ తప్ప తనకింకేం రాదని చెప్పిందే చెప్పాడు. అందులో ఒక్క గొప్ప కూడా లేదు.

దినేశ్ చెయ్యి విడిపించుకుని బీడీ ముట్టించాడు. “బండ్లకెళ్లి తీసిన పాత గేర్‌బాక్స్ ఉంది గదా. గది నాకియ్యి, గిది తీస్కపో. మల్ల రావద్దు.”

వీర్రాజు ధర్మయ్యను పక్కకు లాగాడు. “వద్దండీ ధర్మయ్య గారూ. అదుంటే మళ్లీ ఎక్కించి ఎవర్నైనా డ్రైవర్‌ని పెట్టుకోవచ్చు. అదిచ్చేశాక ఇదీ పోయిందనుకోండి, ఇంక మీ బండి కూడా ఇక్కడికే వస్తుంది.”

ధర్మయ్య చంద్రావతి వైపు చూశాడు. నిజం చెప్పి తన కొంప ముంచిన మనిషి ఆమే, ఇప్పుడు అడగాల్సిందీ ఆమెనే.

“ఇంకొకడు నడిపితే బువ్వైతే దొర్కుతది,” అందామె. “నువ్వు దొర్కవు. ఇచ్చెయ్.”

షెడ్డు నుంచి పాత గేర్‌బాక్స్ తెచ్చారు. దినేశ్ మనిషి దాన్ని గుట్ట మీదికి విసిరాడు. అది రెండు దొర్లులు దొర్లి ఆగింది. కన్ను ఆర్పి చూసేసరికి ఆ గుట్టలో ఏది తనదో ధర్మయ్య పోల్చుకోలేకపోయాడు.

రెండో బాక్స్‌ను ట్రాలీలోకి ఎక్కించారు. చంద్రావతి కొంగు బిగించి తనూ ఎక్కి, పీట మీద కూర్చున్నట్టు దాని మీద కూర్చుంది. చీర నూనె అవుతుందని వీర్రాజు అన్నా వినలేదు. బిగించేదాకా దీని మీదికెళ్లి లేవనంది. ధర్మయ్య డ్రైవర్ పక్కన ఎక్కాడు. ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, ట్రాలీ నడిపేవాడికి గుంతలు చూసి పొమ్మని చెప్పాడు.