పద్దెనిమిది అంగుళాల ఫ్రేము

పోయిన ఆదివారం మా చెల్లెలు ఫోన్ చేసి, తన కూతురికి, అంటే నా మేనకోడలికి, కొండదారుల్లో తొక్కే గేర్ల సైకిలు కొనాలి, న్యూ టౌన్‌లో పెద్ద దుకాణం ఉందట, నువ్వొచ్చి ఎంచి పెట్టాలి అని చెప్పినప్పుడు, చేతిలోని టీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాను. ముప్పై ఏళ్ళు బెంటింక్ స్ట్రీట్‌లో సైకిళ్ళు బిగించినవాణ్ణి నేను. ఇంట్లో పిల్లకి సైకిలు కావాలంటే నన్నుగాక ఇంకెవరిని అడుగుతారు? కానీ మా చెల్లెలికి ఇంతకుముందు కూడా ఒకసారి నేనే సైకిలు ఎంచి పెట్టాను. అప్పుడు నేనేం చేశానో మా అమ్మకి తెలియదు, మా అయ్యకి తెలియదు, ఇద్దరూ తెలియకుండానే పోయారు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఇక ఊపిరి ఆడదనిపించి ఇప్పుడు రాస్తున్నాను. నా ఈడువాళ్ళు చదివి నన్ను తిట్టుకున్నా సరే, నాకు అభ్యంతరం లేదు.

మాది శ్రీకాకుళం వైపు నుంచి బెంగాలుకి వచ్చి ఖిదిర్‌పూర్ డాకుల్లో ఓడల నుంచి మూటలు దింపిన కుటుంబం. అక్కడి కూలీల లైన్లలో మా ఇల్లు ఒక గది, ఒక వసారా. ఆ ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ఒక సైజు పెద్దదిగానే వచ్చేది. దుర్గాపూజలకి మా అయ్య కొనే చొక్కా చేతులు వేళ్ళ కొసలు దాటి వేలాడేవి, బూట్ల ముందు భాగంలో అమ్మ కాగితాలు కుక్కేది, చెల్లెలి గౌనుకైతే మడిచి కుట్టిన అంచు మూడేళ్ళకి సరిపడా ఉండేది. దర్జీ టేపు తీస్తే చాలు, మా అయ్య అడ్డం పడేవాడు. "ఏటి బాబూ, పెరిగే పిల్ల గదా, కాస్త ఒదులుగా కుట్టు" అనేవాడు. మన తరంలో చాలా ఇళ్ళలో ఇదే తంతు కాబట్టి మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మేం బట్టల్లోకి పెరిగేవాళ్ళం, సరిగ్గా సరిపోయే సమయానికి అవి చిరిగిపోయేవి. అంతమాత్రాన మాకు లోటు చేశారని కాదు, ఆ వదులు చొక్కాల్లో మేం హాయిగానే ఉన్నాం. ఈ అలవాటు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. తర్వాత నేను దాని చాటునే దాక్కున్నాను.

చెల్లెలు నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. పదేళ్ళకే మా అయ్య నల్ల సైకిలు మీద, రాడ్డు కిందనుంచి కాలు దూర్చి, ఇక్కడివాళ్ళు హాఫ్ పెడల్ అంటారే, అలా తొక్కుకుంటూ డాకు గేటు దాకా అయ్యకి అన్నం కారియరు తీసుకెళ్ళేది. కొంచెం ఎదిగాక నాకూ బెంటింక్ స్ట్రీట్‌కి తెచ్చేది. ట్రాము పట్టాల మధ్య చక్రం ఇరుక్కోకుండా, ఎర్రజెండాల ఊరేగింపు వచ్చి రోడ్డంతా నిలిచిపోతే సందుల్లోంచి దూసుకుంటూ, అన్నం చల్లారకముందే వచ్చేసేది. నేను తినేదాకా దుకాణం గడపమీద కూర్చుని మా మిస్త్రీ పని చూస్తూ ఉండేది. ఆ చూడడం సంగతి అప్పట్లో నేను పట్టించుకోలేదు.

మిస్త్రీ అంటే మా దుకాణంలో పెద్ద పనివాడు, నాకు పని నేర్పిన బెంగాలీ ముసలాయన. మామూలు సైకిళ్ళు ఎవరైనా బిగిస్తారు గానీ, తొంభైల్లో గేర్ల సైకిళ్ళు, లావు టైర్ల కొండ సైకిళ్ళు రావడం మొదలయ్యాక ఆయన ముందు నిలిచేవాడు ఆ వీధిలో లేడు. కొనడానికి వచ్చినవాళ్ళు రంగు చూసేవారు, గేర్లు ఎన్నో లెక్కపెట్టేవారు, ముందు ఫోర్కులో స్ప్రింగు ఉందా లేదా అని వంగి నొక్కి చూసేవారు. ఆయన మాత్రం ఇవేవీ మాట్లాడనిచ్చేవాడు కాదు. "ఆగే పా మాపో" అనేవాడు నాతో, ముందు కాలు కొలవమని. మనిషిని గోడకి ఆనించి నిలబెట్టి, పోయిన సంవత్సరపు గులాబీరంగు అట్ట బెంగాలీ పంచాంగం ఒకటి కాళ్ళ మధ్య పైకంటా పట్టుకోమని, దాని అంచు దగ్గర గోడమీద గీత గీసి, అక్కణ్ణుంచి నేల దాకా కొలిచేవాడు. రాళ్ళదారిలో ఎక్కడ ఆగాల్సి వస్తుందో తెలియదు, ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకి ఆని, రాడ్డుకీ మనిషికీ మధ్య నాలుగు వేళ్ళ జాగా ఉండాలి, ఆ జాగా లేని సైకిలు ఎంత గొప్పదైనా పనికిరాదు అని ఆయన పట్టుదల. ఆ గోడంతా పెన్సిలు గీతలే.

తొంభైల చివర, సాల్ట్ లేక్ ఆఫీసులవాళ్ళు కొందరు కలిసి సైకిలు క్లబ్బు పెట్టుకున్నారు. మా దుకాణానికి వచ్చేవాళ్ళే. చెల్లెలు ట్రాము పక్కన తొక్కడం చూసి, ఈ పిల్లని పురూలియా కొండల్లో జరిగే ఎంపిక పోటీకి పంపుదాం అన్నారు. అడవిదారుల్లో కొండచుట్టూ నాలుగు చుట్లు తిరగాలి, మొదటి ముగ్గురికీ రాష్ట్ర జట్టులో చోటు. జట్టులో ఉన్న పిల్లలకి ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం దొరికే వీలుందని తెలిసిన రోజున మా అయ్య ఆ మాట లైనంతా తిరిగి చెప్పొచ్చాడు. పద్దెనిమిదేళ్ళ చెల్లెలు మాత్రం వసారాలో కూర్చుని అయ్య పాత సైకిలు చైనుకి నూనె వేసింది. క్లబ్బువాళ్ళు ఒక సైకిలు ఇస్తామన్నారు, అది ఏదో ఎంచే పని నాకే అప్పగించారు.

మా యజమాని తైవాను నుంచి తెప్పించిన సైకిళ్ళలో ఆ పనికి వచ్చేవి రెండే మిగిలాయి. ఒకటి పదిహేను అంగుళాల ఫ్రేము, ఇనుముది, బూడిదరంగుది, ముందు స్ప్రింగు లేదు, గేర్లు కూడా తక్కువే, చూడ్డానికి పోస్టుమాను సైకిలులా ఉండేది. రెండోది పద్దెనిమిది అంగుళాలది. అల్యూమినియం ఫ్రేము, ముదురు ఎరుపు, ఒక చేత్తో ఎత్తితే లేచేది, ముందు ఫోర్కు మెత్తగా కుంగి లేచేది, ఇరవై నాలుగు గేర్లు నూనె పోసినట్టు మారేవి. చెల్లెలు నిండా అయిదడుగులు ఉండదు. నాలాంటి పనివాడికి ఆలోచించాల్సిన అవసరమే లేదు: పదిహేను అంగుళాలది తీసి, దానికి మంచి బ్రేకులు, రాళ్ళని పట్టే టైర్లు, తేలికైన రిమ్ములు మార్చి బిగిస్తే ఆ పిల్ల కొండని చుట్టేసి వచ్చేది. అది నాకు తెలుసు. తెలిసే రెండోది తీశాను.

ఎందుకు తీశానో ఇప్పుడు చెప్పేస్తాను. ఆ ఎర్ర సైకిలు నాకు సరిపోయింది. డబ్బా విప్పి బిగించిన రోజున, సరిగ్గా ఉందో లేదో చూస్తానని మైదానం చుట్టూ ఒక చుట్టు తొక్కాను. పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ మంచి సైకిళ్ళు బిగించి ఇచ్చి, నేను మాత్రం తుప్పు పట్టిన మడ్‌గార్డుతో ఇంటికి పోయేవాణ్ణి. ఆ సైకిలు నా ఒంటికి కొలిచి చేసినట్టు ఉంది. పోటీ రెండు రోజుల పని, ఆ తర్వాత సైకిలు మా ఇంట్లోనే ఉంటుంది కదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చిన ఆలోచనని తరిమేయకుండా కూర్చోబెట్టి మర్యాద చేశాను.

మిస్త్రీ అడిగాడు, పిల్లని కొలిచావా అని. కొలిచానన్నాను. ఆయన నామీద నమ్మకంతో ఇంకేమీ అడగలేదు. ఆయన లేని పూట చెల్లెలు వచ్చి చూసి, ఎక్కి, కాలివేళ్ళ కొసలమీద నిలబడి, "రాడ్డు ఎత్తుగా లేదేటి అన్నియ్యా?" అంది. అలవాటైపోతుందిలే అన్నాను. అయ్య సైకిలు ఇంతకంటే పెద్దది, అది హాఫ్ పెడల్‌తో తొక్కలేదా అన్నాను. ఇంటికి తెస్తే అమ్మ చూసి తనంతట తనే అందుకుంది. "పెరిగే పిల్ల గదే, పెద్దదే నయం" అంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇంకెక్కడ పెరుగుతుంది? కానీ మా ఇంట్లో ఆ మాటకి తిరుగులేదు. సీటు అట్టడుక్కి దించాను, హ్యాండిల్ దగ్గరికి జరిపాను. సీటు దింపినంత మాత్రాన రాడ్డు కిందికి రాదు, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

పురూలియాలో ఆ రోజు ఎండ బాగా కాసింది. ఎర్రమట్టి దారి, సాలచెట్లు, మధ్యలో ఎండిపోయిన వాగులోకి దిగే రాళ్ళ వాలు. చేతిలో పంపూ, స్పానర్ల సంచీ పట్టుకుని ఆ వాలు పక్కనే నిలబడ్డాను. మూడో చుట్టులో చెల్లెలు రెండోదిగా వస్తోంది. ముఖం నిండా ఎర్రదుమ్ము, నన్ను చూసి పళ్ళు కనిపించేలా నవ్వింది. ముందు వెళుతున్న అమ్మాయి వాలులో తడబడి ఉన్నట్టుండి ఆగిపోయింది. చెల్లెలు కూడా బ్రేకు పట్టి ఆగింది, చక్కగానే ఆగింది, ఆగి కాలు కింద పెట్టబోయింది. కాలికి నేల అందలేదు. అంతే. సైకిలుతో సహా ఎడమపక్కకి ఒరిగి, మోకాలు రాతికి కొట్టుకునేలా పడింది. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. ఆ చాపిన కాలు, గాలిలో నేల కోసం వెతికిన ఆ కాలు, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కళ్ళ ముందునుంచి పోలేదు.

మోకాలిలో లిగమెంటు తెగిందన్నారు. నడవగలదు గానీ పోటీలు ఇక కుదరవన్నారు. జట్టు పోయింది, రైల్వే మాట పోయింది. తర్వాత చెల్లెలు ఖిదిర్‌పూర్‌లోనే ఒక చిన్న బడిలో ఆయమ్మగా చేరింది, ఇప్పటికీ అక్కడే చేస్తోంది. ఇంట్లో తిట్లన్నీ దానికే. ఆడపిల్లకి రాళ్ళలో గెంతులేటని అమ్మ, కాస్త చూసుకుని దిగొచ్చు కదా అని అయ్య. నేను పక్కనే కూర్చుని అన్నం తినేవాణ్ణి. ఒక్కసారి, ఒక్కమాట, తప్పు దానిది కాదు నాది అని అంటే సరిపోయేది. నోట్లో ముద్ద అడ్డం ఉన్నట్టు ఊరుకున్నాను. వంకర పోయిన హ్యాండిల్ సరిచేసి, ఆ ఎర్ర సైకిలుని తొమ్మిదేళ్ళు పనికి తొక్కుకుంటూ వెళ్ళాను. చెల్లెలి సైకిలని ఎంత అపురూపంగా చూసుకుంటున్నాడో అని లైన్లో అందరూ మెచ్చుకున్నారు. నేను బయల్దేరే వేళకి చెల్లెలు వసారాలో కాలు చాపి మోకాలికి నూనె రాసుకుంటూ ఉండేది. జాగ్రత్తగా వెళ్ళు అన్నియ్యా అనేది.

ఇక మొన్నటి సంగతి. న్యూ టౌన్ దుకాణం అద్దాల గదిలా ఉంది. మేనకోడలు ఫోన్లో ముందే అన్నీ చదివేసుకుంది, ఏ గేరు మంచిదో, ఏ బ్రేకు ఎలా పనిచేస్తుందో నాకే పాఠం చెప్పింది. తెలుగు సగం, బంగ్లా సగం. నీలిరంగుది ఒకటి దాని మనసు దోచింది. దాంట్లో చిన్న సైజు లేదు, ఒక సైజు పెద్దదే ఉంది, పిల్ల ఎదుగుతుందిగా అంది దుకాణం అమ్మాయి. "మామా, చల్బే, సరిపోతుంది" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది మేనకోడలు. నేను ఆ సైకిలు రాడ్డుమీద చెయ్యి వేశాను. అప్పుడు మా చెల్లెలు భుజానికున్న సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. గులాబీరంగు అట్ట, పోయిన సంవత్సరపు బెంగాలీ పంచాంగం.

"ఆగే పా మాపో, అన్నియ్యా" అంది.

ఇంటిదగ్గరే సంచిలో వేసుకుని తెచ్చిందంటే, దానికి తెలుసు. గడపమీద కూర్చుని చూసిన పిల్లకి, ఆ గోడమీద తన గీత లేదని ఎప్పుడో తెలుసు. అయినా అమ్మ తిట్లన్నీ పడింది, నన్ను మాత్రం బయటపెట్టలేదు. మేనకోడల్ని గోడకి ఆనించి నిలబెట్టి, మోకాళ్ళమీద కూర్చుని, గీత గీసి కొలిచాను. రెండుసార్లు కొలిచాను. పదిహేను అంగుళాల ఫ్రేము అన్నాను. చెల్లెలు ఆ గీత పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుని, "నాకూ అంతే వచ్చీది గదా" అంది, కోపం లేకుండా, ధర చెప్పినంత మామూలుగా. అవునమ్మా అన్నాను. క్షమించమని అడగాలనుకున్నాను గానీ, ఏడుపు ముందొచ్చింది.

ఖిదిర్‌పూర్ ట్రాము ఆగిపోయింది, మిస్త్రీ గోడకి సున్నం కొట్టేసి ఉంటారు, పిల్లల బూట్లలో కాగితాలు కుక్కే అమ్మలు ఇప్పుడు కనబడరు. ఈ రోజుల్లో ఎవరి కొలత వాళ్ళకి దొరుకుతోంది, లేకపోతే వారం రోజుల్లో తెప్పించి ఇస్తున్నారు. మంచిదే. మేమూ అలాగే తెప్పించమని చెప్పి బయటికి వచ్చాం. మేనకోడలు గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. చెల్లెలు పై మెట్టుమీద ఆగి, ఎప్పటిలాగే నా భుజం పట్టుకుని, ముందు ఎడమకాలు దించి, అది నేలకి ఆనిందని రూఢి చేసుకున్నాకే రెండోది దించింది.