గడి లేని చెట్టు

హఫ్సియా పొద్దున్నే తోటకు వచ్చేసరికి పోతు ఖర్జూరపు చెట్టు మొదట్లో ఎర్ర రంగుతో గుణకారం గుర్తు వేసి ఉంది. రంగు ఇంకా ఆరలేదు. వేలితో ముట్టి చూసింది. అంటిన రంగును తుడుచుకోలేదు. ఆ వేలిని అలాగే పైకెత్తి పట్టుకుని, కాలవ గట్టు మీదుగా తిజానీ పాక దాకా నడిచింది.

పాకలో పదకొండు మంది రైతులు చాప మీద కూర్చుని టీ తాగుతున్నారు. మధ్యలో సర్కారు పంపిన కుర్ర ఇంజనీరు వాజ్దీ, ఒళ్లో ఫారాల కట్ట.

"ఇదెవరి పని?" అంది హఫ్సియా, వేలు చూపిస్తూ.

వాజ్దీ లేచి నిలబడ్డాడు. "నాదే పిన్నీ. కూర్చో, చెప్తాను."

"నిలబడే వింటా. చెప్పు."

పథకం సంగతి అతను మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. పన్నెండు తోటలకు కలిపి కొత్త లోతు బావి. మట్టికాలవ బదులు గొట్టం, చెట్టు మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు. ముసలి చెట్ల స్థానంలో మొక్కలు, ఉచితంగా. అయిదేళ్లలో రైతు రాబడి రెట్టింపు. దానికి బదులుగా, నలభై ఏళ్లు దాటి, మూడేళ్లుగా కాపు లేని చెట్లను తీసేయాలి. ఫారంలో ఒక గడి ఉంది: గత మూడేళ్ల దిగుబడి, కిలోలలో. ఆమె పోతు చెట్టుకు ఆ గడిలో సున్నా.

"పోతుకు దిగుబడేంటి బాబూ? మీ నాన్న ఎన్నిసార్లు నీళ్లాడాడు?"

చాప మీద ఎవరో టీ నోట్లో పెట్టుకుని పొలమారారు. వాజ్దీ చెవులు ఎర్రబడ్డాయి గానీ, అతను మూర్ఖుడు కాదు. "పోతులు వద్దనడం లేదు. నీకు చిన్న పోతు ఇంకోటుంది, అది చాలు. పుప్పొడి చాలకపోతే మా కేంద్రం నుంచి సీసాల్లో ఇస్తాం, మంచి రకం. ఆ ముసలి చెట్టు తాగే నీళ్లతో రెండు మొక్కలు బతుకుతాయి."

"సంతకం పెట్టవే," అన్నాడు తిజానీ. రైతుల సంఘానికి అతనే పెద్ద. "పన్నెండు తోటలకూ ఒకటే గొట్టం. ఒక్కరు కాదన్నా జాబితాలోంచి మన వరస కొట్టేస్తారు. నీళ్ల వంతు ఇరవై రోజులకోసారి వస్తోంది. కాయ ఎండి గింజకు అంటుకుపోతోంది. నీ ఒక్క చెట్టు కోసం మమ్మల్నందరినీ ఎండబెడతావా?"

ఆ మాట ఆమెకు తగలకపోలేదు. నీళ్ల కరువు అందరిదీ, ఆమెదీ. అయినా ఆ చెట్టు వేరు.

తోటలో యాభై మూడు చెట్లుంటే పేరున్నది అదొక్కటే: తొందరోడు. ఆడచెట్టు పూపొత్తులో ఏ పోతు పుప్పొడి రెమ్మలు పెట్టి కడితే కాయ తీరు దాన్నిబట్టి కొంత మారుతుంది. తొందరోడి పుప్పొడి కట్టిన గెల మిగతావాటికన్నా పదిహేను ఇరవై రోజులు ముందే పండుతుంది. ఈ జరీద్ ఎడారి సీమలో ఆ ఇరవై రోజులంటే మాటలు కాదు. కోతల వేళ ఒక్క వాన పడిందంటే చెట్టుమీదే పండు పులుస్తుంది. తొందరోడు ముసలివాడైపోయాడు. మొదలు దగ్గర పిలకలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. గింజ నాటితే ఏ రకం మొలుస్తుందో ఎవరికీ తెలియదు. కొట్టేస్తే ఆ రకం అక్కడితో సరి.

అదీగాక, హఫ్సియా మొదటిసారి ఎక్కిన చెట్టు అది.

ఇరవై ఆరేళ్ల కిందట, ఇలాంటి మార్చి నెలలోనే. భర్త లమీన్ చెట్టు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆడచెట్ల పూపొత్తులు విచ్చుకున్నాయి. అవి విచ్చాక పుప్పొడి కట్టడానికి మూడు నాలుగు రోజులే గడువు, తర్వాత ఎంత కట్టినా దండగ. ఎక్కేవాళ్లందరూ తమ తోటల్లో ఉన్నారు, ఎల్లుండి వస్తాం అన్నారు. ఎల్లుండి వచ్చింది, వాళ్లు రాలేదు. హఫ్సియా ఏడు నెలల కూతురికి పాలిచ్చి, మట్టల బుట్టలో పడుకోబెట్టి, కొడవలి నడుముకు దోపుకుని, చెప్పులు విడిచి బిస్మిల్లా అంది. మట్టబొడిపెలే మెట్లు. పదిహేను మీటర్ల ఎత్తు. భయం పడిపోతానని కాదు. పడితే పిల్లకు పాలెవరిస్తారని. ప్రతి మెట్టుకూ ఒకసారి కిందికి చూసింది. చూడకూడదని తెలిసీ చూసింది.

ఆ వారమంతా ఊరు నోరు నొక్కుకుంది. ఆడది ఎక్కిన చెట్టు కాయదన్నారు ముసలాళ్లు.

"కాయకపోతే చెప్పండి, నేనే ఎక్కి కాస్తా," అంది పైనుంచి.

చెట్లు కాశాయి. ఆ తర్వాత ఆమె దిగిందే లేదని చెప్పుకోవాలి. తన తోట అయ్యాక కూలికి ఇతరుల తోటలూ ఎక్కింది. పదేళ్లు తిరిగేసరికి, వెక్కిరించినవాళ్ల చెట్లకు కూడా పుప్పొడి కట్టేది ఆమే.

ఆ మనిషి ఇప్పుడు ఎర్ర వేలుతో పాక గుమ్మంలో నిలబడి అడిగింది: "సంతకాల గడువెప్పటిదాకా?"

"అక్టోబరు ఆఖరు," అన్నాడు వాజ్దీ.

"అయితే అప్పటిదాకా రంపం నా తోటలోకి రాకూడదు. నా ఆడచెట్టు ఒకటి ఇస్తా. పన్నెండు పొత్తులున్నాయి. ఆరింటికి నీ సీసా, ఆరింటికి నా తొందరోడు. ఏ గెల ముందు పండుతుందో చూద్దాం. తేడా లేదంటే సంతకం పెట్టి, రంపం నేనే పట్టుకుంటా. ఒక్కటే షరతు. ముడులు నువ్వే వెయ్యాలి."

"నేనా?"

"నేను కడితే ముసలిది ఏదో మాయ చేసిందంటారు వీళ్లు."

మర్నాడు వాజ్దీ బూట్లు విప్పాడు. చదువుకున్నవాడు గనక గాలికి వేరే పుప్పొడి కలవకూడదని కాగితం సంచులూ, గుర్తుకు నీలం, ఎరుపు రిబ్బన్లూ తెచ్చుకున్నాడు. సగం ఎత్తులో మట్టబొడిపె వాటేసుకుని ఆగిపోయాడు. కింద మోకాళ్ల మీద పుప్పొడి రెమ్మల కట్టలు పెట్టుకుని కూర్చున్న లమీన్ తల పైకెత్తాడు.

"ఏం బాబూ, అక్కడే కాపురం పెడతావా?"

"ఇంట్లో నాలుగు నెలల పాప ఉంది బాబాయ్," అన్నాడు వాజ్దీ, కళ్లు మూసుకుని.

హఫ్సియా గబగబా వెనకాలే ఎక్కింది. అతని మడమ కింద తన అరచెయ్యి ఆనించింది. "నాకప్పుడు ఏడు నెలలది ఉండేది. పిల్లని తలుచుకో, తప్పులేదు. కానీ కిందికి చూడకు. పై బొడిపె చూడు. దానిపైది చూడు. అంతే."

ఎక్కాడు. పన్నెండు పొత్తులకూ తన చేత్తోనే కట్టి, సంచులు తొడిగి, ఆరింటికి నీలం, ఆరింటికి ఎరుపు రిబ్బన్ వేశాడు. ఎరుపు తొందరోడిది. దిగాక చాలాసేపు నేల మీదే కూర్చున్నాడు. లమీన్ అతని చేతిలో రొట్టె, హరిస్సా కారం పెట్టాడు.

ఎండాకాలం కష్టంగా గడిచింది. తిజానీ ఇంటినుంచి శుక్రవారాలు వచ్చే గోధుమరవ్వ కుస్కుస్ పళ్లెం ఆగిపోయింది. దారిలో ఎదురైన ఆడవాళ్లు పైగుడ్డ ముఖం మీదికి లాక్కునేవాళ్లు. నీళ్ల వంతు రోజున పై తోటవాడు కాలవ అడ్డు తీయడం మరిచిపోయానన్నాడు. హఫ్సియా పార తీసుకెళ్లి తనే తీసింది.

"నీకోసం ఊరంతా ఒకటైంది," అన్నాడు లమీన్. "పెళ్లినాడు కూడా ఇంతమంది ఒక్కమాట మీద లేరు."

"నువ్వూ వాళ్లవైపేనా?"

"నా మాట ఎప్పుడు విన్నావు గనక? నేను చెట్టువైపు."

సెప్టెంబరు ఆఖరి వారంలో వాజ్దీ వచ్చాడు. సంఘం మొత్తం చెట్టు చుట్టూ చేరింది. ఈసారి అతను ఆగకుండా ఎక్కి, రంగుకొక్క రెమ్మ కోసి తెచ్చాడు. నీలం రిబ్బన్ కాయలు పసుపుగా, గట్టిగా ఉన్నాయి. కొరికితే నోరు వగరెక్కింది. ఎరుపు రిబ్బన్ పండు ఒకటి తీసుకుని ఎండకు పట్టాడు. తేనెరంగులో, లోపల గింజ నీడ కనబడేంత పలచగా మెరిసింది. అతను తిన్నాడు. గింజ ఉమ్మకుండా నోట్లోనే పెట్టుకున్నాడు.

"సరే. ముందే పండింది," అన్నాడు తిజానీ. "కానీ వాన ఏది? ఆకాశం అద్దంలా ఉంది. నీ తొందర ఈ ఏడు ఎవడిక్కావాలి?"

"వాన రాని ఏడు ఎవరి పుప్పొడైనా ఒకటే తిజానీ. వచ్చే ఏడు మాటేంటి? నాలుగేళ్ల కిందట వానకు నీ తోటంతా పులిసి ఈగలపాలైతే, మిగిలిన ఎనిమిది చెట్లకు పుప్పొడి ఎవరిది?"

వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. నిజానికి ప్రతి మార్చిలోనూ వీళ్లలో ప్రతివాడూ విడివిడిగా, పక్కవాడికి తెలియకుండా, ఆమె గుమ్మం ముందు నిలబడి తొందరోడి పుప్పొడి "ఒక్క పిడికెడు" అని అడిగి తీసుకున్నవాడే. ఎవడికి వాడు తనొక్కడే అనుకుంటున్నాడు. ఇప్పుడు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే సంగతి బయటపడింది.

"నువ్వూనా?" అన్నాడు పై తోటవాడు పక్కవాడితో.

"నా పెళ్లాం పంపింది," అన్నాడు పక్కవాడు.

తిజానీ టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంజనీరూ, చెట్టు ఉంటుందని రాయి. రాస్తే పన్నెండు సంతకాలు. రాయకపోతే పన్నెండూ లేవు."

వాజ్దీ ఫారం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పెన్ను గడుల మీద తిరిగి తిరిగి ఆగింది. "కాపు లేని చెట్టును ఉంచడానికి దీన్లో గడి లేదు పిన్నీ." గొంతు తగ్గించాడు. "ఒక పని చేద్దాం. 'పరికరాలు' అని ఉంది. పుప్పొడి చల్లే యంత్రం, ఒకటి అని రాస్తా. పైవాళ్లు అడగరు."

అందరూ బాగుందన్నారు. లమీన్ కూడా నవ్వాడు. హఫ్సియా నవ్వలేదు.

"అబద్ధం రాయించుకోడానికా ఆర్నెల్లు మీ చేత మాటలు పడ్డాను? రేపు ఇంకో బాబు వస్తాడు. యంత్రమేదీ అంటాడు. లేదని చెబితే, ఈ చెట్టు లెక్కలో లేదు, కొట్టేయమంటాడు. చెట్టును చెట్టని రాయి."

"గడి లేదంటుంటే..."

"గడి లేకపోతే గీయి."

వాజ్దీ ఆమె వైపు చూశాడు. తర్వాత సంచిలోంచి స్కేలు తీశాడు. ఫారం అడుగున ఖాళీలో నాలుగు గీతలు గీశాడు. అందులో ఏం రాయాలో ఆమెను అడగలేదు. తనే రాశాడు: పోతు చెట్టు, ఒకటి. పన్నెండు తోటలకు పుప్పొడి ఇచ్చును. కొట్టరాదు. కింద ప్రయోగం తేదీలు వేసి, తన సంతకం చేశాడు. హఫ్సియా కాగితం తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. అప్పుడు పెన్ను అడిగింది.

తిజానీ నీళ్లూ గుడ్డా తెమ్మని పురమాయించాడు, తొందరోడి మీది ఎర్ర గుర్తు కడిగించడానికి.

"ముట్టుకోవద్దు," అంది హఫ్సియా. "ఉండనీ. వచ్చేవాళ్లు చూడాలి, కొట్టేయమని గుర్తు వేసినా నిలబడ్డ చెట్టని."

వాజ్దీ కాగితాలు సర్దుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "పిన్నీ, పై ఆఫీసువాళ్లు ఈ ఫారం తిప్పి పంపితే?"

ఆమె అప్పటికే కొడవలి దోపుకుని, చెప్పులు విడిచి, ఎర్ర రిబ్బన్ గెలలు కోయడానికి మొదటి బొడిపె మీద కాలు పెట్టింది.

"పంపనీ," అంది. "నీ దగ్గర స్కేలుందిగా."